గురువారం వాన

గురువారం సాయంత్రం వాన పడింది. శుక్రవారం పొద్దున బడి గంట కొట్టే వేళకు ఆ వాన పోయింది.

పడిన వాన ఎట్లా పోతుందని అనుకోవచ్చు. నేలలోకి ఇంకిన వాన ఎక్కడికీ పోలేదు. పోయింది ఏడో తరగతి పిల్లలు కొలవాల్సిన వాన. బడి మిద్దె మీద వాళ్లు పెట్టిన ప్లాస్టిక్ సీసా పక్కకు పడి ఉంది. దాని పైన తలకిందులుగా బిగించిన మూతి ఊడిపోయి, పిట్టగోడ దగ్గర గాలికి దొర్లుతోంది. సీసాలో చుక్క నీరు లేదు.

"కోతులు," అన్నాడు భూపేష్, మిద్దె మీంచి కిందికి వంగి. "తాగినన్ని తాగి పారబోసినాయి."

నిచ్చెన కింద హర్షిణి నిలబడి ఉంది.

"ఒక్క గీతంత కూడా మిగల్లేదా?"

"చెప్తాండా కదా! పొడిగా ఉండాది."

 

ఓర్వకల్లు దగ్గర రాళ్ల కొండల పక్కన ఉన్న ఊరు వాళ్లది. అక్కడ వాన అంత సులభంగా రాదు. మబ్బులు వస్తాయి, ఊరి మీద కాసేపు నిలబడతాయి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోతాయి. ఈ ఏడాది బడి తెరిచిన తర్వాత రెండు మూడు తుంపర్లు తప్ప ఏమీ పడలేదు. గురువారం వానే మొదటి పెద్ద వాన. దాని కోసం ఊరంతా ఎదురుచూసింది. ఏడో తరగతి ఇంకొంచెం ఎక్కువ ఎదురుచూసింది.

ఎందుకంటే ఆ వాన వాళ్ల ప్రాజెక్టు.

సైన్సు గదిలో ఒక గోడ నిండా వాన పటాలు ఉన్నాయి. ఏడాదికి ఒక పెద్ద కాగితం. రోజుకొక గడి. వాన పడిన రోజు గడిలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాసి ఉంటుంది. వాటిని మొదలుపెట్టింది శేషన్న సార్. పోయినేడు ఆగస్టులో సార్ జబ్బు చేసి చనిపోయారు. ఆ ఏటి కాగితం మీద ఆగస్టు సగం నుంచి గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటి గురించి పిల్లలెవరూ అడగరు. కృపామణి టీచర్ కూడా ఏమీ చెప్పదు. ఆమె, శేషన్న సార్ ఒకే ఏడు ఈ బడికి వచ్చారట.

ఈ జూన్‌లో టీచర్ కొత్త కాగితం అంటించి, పిల్లల వైపు తిరిగింది.

"ఈసారి ఊరికే కొలవడం కాదు. ఒక ప్రశ్న పెట్టుకుందాం. మన ఊళ్లో పడిన వానా, కొండకు అవతలి ఊళ్లో పడిన వానా ఒకటేనా? అవతలి బడి పిల్లలు కూడా కొలుస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. బాగా వస్తే కర్నూలులో సైన్స్ ప్రదర్శనకు తీసుకుపోదాం."

నలుగురిని ఎంచింది. భూపేష్, హర్షిణి, వసంతకుమార్, లక్ష్మీప్రియ. వారానికొకరు మిద్దె ఎక్కి వాన కొలవాలి, తన చేత్తో పటంలో రాయాలి. ఎవరి వారం ఏదో పేర్లు రాసి గోడకు అంటించింది. వాన నిలవగానే కొలవాలి, ఆలస్యం చేస్తే కోతులు ఉంచవు అని మరీ మరీ చెప్పింది. పిల్లలు ఎక్కేటప్పుడు కింద పెద్దవాళ్లు ఒకరు ఉండాలని కూడా చెప్పింది.

నలుగురూ తలూపారు. తర్వాత నిచ్చెన దగ్గరికి పోయి, వాళ్లలో వాళ్లు ఇంకోలా మాట్లాడుకున్నారు.

ఆ మాట మొదట అన్నది హర్షిణే.

"భూపేషూ, నా వారం కూడా నువ్వే ఎక్కు. నీ వారం రాసేది నేను రాస్తా."

భూపేష్ మొహం వెలిగిపోయింది. వాడి అక్షరాలు వర్షంలో తడిసిన చీమల్లా ఉంటాయి. "రాసే పని తప్పుతాదంటే రోజుకు పదిసార్లయినా ఎక్కుతా!"

వసంతకుమార్, లక్ష్మీప్రియ కూడా అట్లాగే మార్చుకున్నారు. అంతకుముందు సీసా చేసినప్పుడూ అంతే జరిగింది. సీసాను కోసింది భూపేష్. అడుగు సమంగా ఉండాలని కాస్త సిమెంటు పోసింది వసంతకుమార్. పక్కన అంటించే స్కేలు మీద అంకెలు రాసింది హర్షిణి. పటం చుట్టూ రంగు పెన్నులతో పూలు వేసింది లక్ష్మీప్రియ. ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. ఎప్పుడూ జరిగినట్టే జరిగింది.

హర్షిణికి సైన్సు అంటే ఇష్టం. పరీక్షల్లో తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే. కానీ ఆరో తరగతిలో ఒకసారి, గ్రూపులో బల్బుకు తీగ కలిపినప్పుడు బల్బు మాడిపోయింది. "ఆడపిల్లలకిస్తే ఇంతే," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఎవరో ఆమె చేతిలోంచి తీగ తీసేసుకున్నారు. ఆ తర్వాత ఏ ప్రయోగమైనా, "హర్షిణి రాత అచ్చేసినట్టు ఉంటాది, రాసేది ఆమెకే ఇద్దాం," అనేవారు. ఆ మాట మెచ్చుకోలులాగే వినిపించేది. అందుకే ఆమె కూడా పెన్ను తీసుకుని ఒక పక్కన కూర్చోవడం అలవాటు చేసుకుంది.

గురువారం వచ్చింది. ఆ వారం హర్షిణిది.

ఆ రోజు భూపేష్, వసంతకుమార్ కబడ్డీ ఎంపికలకు కర్నూలు పోయారు. కృపామణి టీచర్‌కు కూడా కర్నూలులోనే ఏదో రెండు రోజుల ట్రైనింగ్. లక్ష్మీప్రియ జ్వరమని రాలేదు. ఆఖరి పీరియడ్‌లో ఉరుము ఉరిమింది. తర్వాత గోడలు అదిరేటట్టు వాన కురిసింది. బడి వదిలే వేళకు నిలిచిపోయింది.

హర్షిణి బడి వెనక్కి పోయి, గోడకు బిగించిన ఇనుప నిచ్చెన వైపు చూసింది. వానకు తడిసి మెట్లు నల్లగా మెరుస్తున్నాయి. అక్కడే సైకిళ్ల దగ్గర పదో తరగతి అబ్బాయిలు నిలబడి ఉన్నారు.

"ఏం పాపా, నిచ్చెన పడిపోతాదని కాపలా ఉండావా?" అన్నాడు ఒకడు. మిగతావాళ్లు నవ్వారు.

బడిలో వంట చేసే నాగలక్ష్మమ్మ వానకు ఇరుక్కుని ఇంకా ఇంటికి పోలేదు. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వాన నిలిస్తానే చూడమని టీచరమ్మ చెప్పింది కదా పాపా. చూడవా?"

"భూపేష్ వస్తాడు పెద్దమ్మా."

"వాడు కర్నూలు పాయె కదా, యాడొస్తాడు? నువ్వే ఎక్కు. నేను కింద నిల్చుకుంటా."

హర్షిణి ఒక చేయి నిచ్చెన మీద వేసింది. ఇనుము చల్లగా తగిలింది. వెనక మళ్లీ ఎవరో నవ్వారు. తనను చూసి నవ్వారో, వేరే దేనికి నవ్వారో తెలియదు. కానీ ఆమెకు బల్బు గుర్తొచ్చింది. కొలిచేటప్పుడు సీసాకు కాలు తగిలితే? నీళ్లు ఒలికిపోతే? ఇంత కాలానికి వచ్చిన వానను ఒలకబోసింది ఎవరంటే హర్షిణి అంటారు.

ఆమె చేయి తీసేసింది.

"పొద్దున్నే చూస్తాంలే పెద్దమ్మా. సీసాలో ఉండే నీళ్లు యాడికి పోతాయి?"

అవి యాడికి పోయాయో శుక్రవారం పొద్దున తెలిసింది.

భూపేష్ సీసాను మళ్లీ నిలబెట్టి, చుట్టూ రాళ్లు పేర్చి కిందికి దిగాడు. అప్పటికి వసంతకుమార్, లక్ష్మీప్రియ కూడా వచ్చారు. నలుగురూ సైన్సు గదిలో పటం ముందు నిలబడ్డారు. గురువారం గడి తెల్లగా ఉంది.

"టీచర్‌కు చెప్దాం," అంది లక్ష్మీప్రియ. జ్వరంతో ఆమె గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

"ఏమని చెప్తావు?" అన్నాడు భూపేష్. "మార్చుకున్నామని చెప్తావా? గోడ మీద హర్షిణి పేరు ఉండాది. పోయింది ఆమె వానే."

"కోతులు తోసినాయని చెప్దాం."

"వాన నిలిస్తానే ఎందుకు కొలవలేదని అడుగుతాది టీచర్."

 టీచర్ కొడుతుందని హర్షిణి భయపడలేదు. కృపామణి టీచర్ ఎవరినీ కొట్టదు. ఆడపిల్లలకిస్తే ఇంతే అని మళ్లీ అంటారు. అదే ఆమె భయం. ఈసారి తనను ఒక్కదాన్నే అనరు. లక్ష్మీప్రియను కూడా కలిపి అంటారు. వచ్చే ఏడాది పేర్లు రాసేటప్పుడు గోడ మీద ఆడపిల్లల పేర్లే ఉండవు.

"రాత్రి మా నాయన చెప్పె," అన్నాడు భూపేష్ గొంతు తగ్గించి. "దుక్కికి సరిపోయే వాన పడిందంట. ఇరవై రెండు అని రాయి."

"ఇరవై రెండేనని నీకెట్ల తెలుసు?"

"ఇరవై అని రాస్తే ఉత్తదని తెలిసిపోతాది. ఇరవై రెండంటే కొలిచినట్టు ఉంటాది."

వసంతకుమార్ కిసుక్కున నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి ఆపేశాడు.

హర్షిణి పెన్ను తీసింది. గడి మధ్యలో రెండు అంకెలు వేసింది. అంకెలు వంకర పోలేదు. అచ్చేసినట్టే వచ్చాయి.

శనివారం టీచర్ వచ్చింది. సైన్సు గదిలోకి అడుగు పెట్టగానే పటం చూసింది.

"ఇరవై రెండా!"

ఫోన్ తీసి అవతలి బడి టీచర్‌తో మాట్లాడింది. ఫోన్ పెట్టేసి పిల్లల వైపు తిరిగినప్పుడు ఆమె కళ్లు పెద్దవిగా ఉన్నాయి.

"అవతలి ఊళ్లో ఎంతో తెలుసా? నాలుగు! నడిచిపోయేంత దూరంలో ఉన్న ఊరు. ఒక్క కొండ అడ్డం. ఇక్కడ ఇరవై రెండు, అక్కడ నాలుగు."

టీచర్ నవ్వింది. ఏడాదిగా ఆమె నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయేది. ఆ రోజు ఆగలేదు.

"మన ప్రశ్నకు జవాబు దొరుకుతోంది చూశారా! కర్నూలులో ఇదే చూపిద్దాం. ఈ ఒక్క రోజును పెద్ద చార్టు మీద వేద్దాం. మాట్లాడేది హర్షిణి. ఆ రోజు కొలిచింది ఆమే కదా."

హర్షిణి నోరు తెరిచింది.  పక్కన భూపేష్ మోచేత్తో మెల్లగా పొడిచాడు.

"సరే టీచర్," అంది.

ఆ ఆదివారం హర్షిణికి లెక్కలు చేస్తుంటే ఎక్కడ చూసినా ఇరవై రెండే కనిపించింది. ప్రదర్శన వచ్చే శనివారం. అక్కడ ఎవరెవరో పెద్దవాళ్లు వస్తారు, అడుగుతారు. వాళ్ల ముందు నిలబడి, లేని వాన గురించి చెప్పాలి.

సోమవారం టీచర్ ఆమెను బల్ల ముందు నిలబెట్టి, తాను వెనక బెంచీలో కూర్చుంది.

"నేను ప్రదర్శన చూడటానికి వచ్చినదాన్ని అనుకో. చెప్పు."

హర్షిణి గడగడా చెప్పింది. "ఒక మిల్లీమీటరు వాన అంటే, ఒక చదరపు మీటరు చోట ఒక లీటరు నీళ్లు పడినట్టు. మేము వానమాపకాన్ని ప్లాస్టిక్ సీసాతో తయారుచేసినాము..."

పరీక్షలో రాస్తే నిండా మార్కులు వచ్చే జవాబు. టీచర్ తలూపింది.

"బాగుంది. ఇప్పుడు పుస్తకంలో లేనిది చెప్పు. ఆ సాయంత్రం నువ్వు మిద్దె మీద ఏం చూశావు?"

"సీసా చూసినా టీచర్."

"నీళ్లు ఎట్లా ఉన్నాయి? తేటగానా, మట్టిగానా?"

హర్షిణి భూపేష్ వైపు చూసింది. వాడు పెదవులు కదిలించాడు.

"తేటగా... ఉండినాయి."

"స్కేలు ఎట్లా చదివావు?"

"ఇరవై రెండో గీత... గీత దగ్గర నీళ్లు ఉండినాయి టీచర్."

టీచర్ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. "కొత్త కదా, తడబడతావు. రేపు మళ్లీ చెప్పుదువులే," అంది మెత్తగా.

ఆ మెత్తదనం హర్షిణికి తిట్టు కంటే ఎక్కువగా గుచ్చుకుంది.

ఇంటికి పోయి పుస్తకాల సంచి ఇంకా దించలేదు, వంటింట్లోంచి అమ్మ కేక వేసింది.

"మబ్బు పట్టె! మిద్దె మీద బట్టలుండాయి, తీసకరా పో!"

హర్షిణి సంచి విసిరేసి పరిగెత్తింది. గాలికి దండెం మీద చీరలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక్కొక్కటే లాగి భుజం మీద వేసుకుంది. అంతలో కొండ వైపు చూసి ఆగిపోయింది.

కొండకు అవతల ఆకాశం నుంచి నేల దాకా బూడిద రంగు తెర ఒకటి వేలాడుతోంది. అది వాన. అవతలి ఊరి మీద కురుస్తోంది. కొండకు ఇటువైపు ఒక్క చుక్క కూడా లేదు. ఆమె కాళ్ల కింద మిద్దె పొడిగా, వేడిగా ఉంది.

టీచర్ చెప్పింది ఇదే. ఒక కొండ అడ్డం, అక్కడ వాన, ఇక్కడ పొడి నేల. దీన్ని కంటితో చూడొచ్చు. కొలవొచ్చు. అబద్ధం చెప్పనక్కర లేదు. మిద్దె ఎక్కితే చాలు.

అప్పుడు హర్షిణికి ఇంకో సంగతి తట్టింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. వాళ్ల ఇంటి నిచ్చెన కట్టెది, పాతది. బడిలోని ఇనుప నిచ్చెన కంటే నిటారుగా ఉంటుంది. దాన్ని తాను ఇప్పుడు ఎట్లా ఎక్కి వచ్చిందో కూడా ఆమెకు గుర్తు లేదు. వడియాలకు, బట్టలకు, మిరపకాయలకు రోజూ ఎక్కి దిగేదే. ఎవరూ నవ్వలేదు. ఎవరూ చూడను కూడా చూడలేదు.

కింద నుంచి అవ్వ అరిచింది. "ఏమే, బట్టలు తెమ్మంటే బొమ్మ మాదిరి నిలబడినావు! పిడుగు పడితే తెలుస్తాది, దిగు!"

మంగళవారం హర్షిణి అందరికంటే ముందు బడికి పోయింది. కృపామణి టీచర్ సైన్సు గదిలో బోర్డు తుడుస్తోంది.

దారి పొడవునా అనుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే మరిచిపోయింది.

"టీచర్, నేను ఎక్కలేదు."

టీచర్ చేతిలో డస్టర్ ఆగింది.

"గురువారం వాన ఎవరూ కొలవలేదు. కోతులు పారబోసినాయి. ఇరవై రెండు ఉత్తదే. నేనే రాసినా."

టీచర్ డస్టర్‌ను బల్ల మీద పెట్టింది.  కిటికీలోంచి నాగలక్ష్మమ్మ బియ్యం చెరిగే చప్పుడు వినిపిస్తోంది. టీచర్ తిట్టినా బాగుండునని హర్షిణికి అనిపించింది.

"ఎందుకు ఎక్కలేదు?"

"నాకు చేతకాదని."

"ఎవరన్నారు?"

"ఈసారి ఎవరూ అనలేదు టీచర్. నేనే అనుకున్నా. ఆరో తరగతిలో నేను పట్టుకుంటే బల్బు మాడిపోయింది."

"ఎందుకు మాడింది?"

హర్షిణి తలెత్తింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు.

"తెలీదు టీచర్. చూసేలోపల నా చేతిలోంచి తీసేసుకున్నారు."

టీచర్ పోయి కుర్చీలో కూర్చుంది.

బడి గంట కొట్టాక నలుగురినీ పిలిచింది. మార్చుకున్న సంగతంతా బయటికి వచ్చింది. వసంతకుమార్ తల దించుకున్నాడు. లక్ష్మీప్రియ కళ్లు తుడుచుకుంది. భూపేష్ మాత్రం హర్షిణి మీద ఎగిరాడు.

"నువ్వు చెప్పకుంటే ఏమయ్యేది? శనివారం ప్రదర్శన ఉండాది! నీకోసమే కదా నేను అంకె చెప్పింది!"

"నేను అడగలేదు."

"వద్దని కూడా అనలేదు!"

అది నిజం. 

భూపేష్ టీచర్ వైపు తిరిగాడు. "టీచర్, నిజంగానే ఇరవై రెండు పడిండొచ్చు. శానా పెద్ద వాన."

"పడి ఉండొచ్చు," అంది టీచర్. "పడకపోయి ఉండొచ్చు. మనకు తెలియదు, భూపేష్. తెలియనప్పుడు తెలియదనే రాయాలి."

"ఖాళీ గడి చూపిస్తే కర్నూలులో నగుతారు టీచర్."

టీచర్ లేచి, పోయినేటి కాగితం దగ్గరికి పోయింది. ఆగస్టు సగం నుంచి తెల్లగా ఉన్న గడుల మీద వేలు ఉంచింది.

"ఈ రోజుల్లో కూడా వానలు పడ్డాయి. శేషన్న సార్ లేరు. నాకు మిద్దె ఎక్కబుద్ధి కాలేదు. కర్నూలు వాతావరణ ఆఫీసులో అడిగితే ఏవో అంకెలు ఇస్తామన్నారు. అవి మన మిద్దె మీద పడిన వాన కాదు. అందుకని రాయలేదు." ఆమె వేలు తీసేసింది. "ఎవరైనా నవ్వితే నవ్వనీ."

 పిల్లలు మొదటిసారి ఆ ఖాళీ గడులను నిండుగా చూశారు.

కాసేపటికి టీచర్ మళ్లీ అంది. "నేనూ ఒక పొరపాటు చేశాను. గోడ మీద నలుగురి పేర్లు రాసి, నలుగురూ చేస్తున్నారనుకున్నాను. నిచ్చెన మీద ఎవరి కాళ్లున్నాయో చూడలేదు. మీ చేత చేయించే బాధ్యత నాది. ఈ వారం కూడా హర్షిణే కొలవాలి. ఎందుకంటే పోయిన వారం ఆమె కొలవలేదు."

హర్షిణి తెల్ల కాగితం చిన్న ముక్క కత్తిరించి, గురువారం గడిలోని అంకె మీద అంటించింది. దూరం నుంచి చూస్తే మిగతా గడుల్లాగే ఉంది. దగ్గరికొస్తే అంచు కొంచెం లేచి కనిపిస్తోంది.

బుధవారం ఎండ కాసింది. గురువారం కూడా ఎండే. శుక్రవారం మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక ఒక మబ్బు వచ్చి, పది నిమిషాలు కురిసి పోయింది.

వాన ఆగీ ఆగకముందే హర్షిణి బడి వెనక్కి పరిగెత్తింది. పళ్లేలు కడగడానికి వచ్చిన పదో తరగతి అబ్బాయిలు అక్కడే ఉన్నారు.

"ఓయ్, ఈరోజు నిచ్చెన ఎక్కుతాందిరా!"

హర్షిణి నిచ్చెన మీద చేయి వేసింది. ఈసారి తీయలేదు. కృపామణి టీచర్, నాగలక్ష్మమ్మ నిచ్చెనకు చెరో పక్కన వచ్చి నిలబడ్డారు.

"ఎక్కు పాపా. నువ్వు పడితే నా మీదే పడతావులే," అంది నాగలక్ష్మమ్మ.

మూడు రోజులుగా హర్షిణితో మాట్లాడని భూపేష్ దూరం నుంచే అన్నాడు. "మూడో మెట్టు జారుతాది. చూసుకో."

మూడో మెట్టు నిజంగానే జారింది.  ఆమె పై మెట్టును గట్టిగా పట్టుకుంది.

మిద్దె మీద గాలి తడి వాసన వేస్తోంది. రాళ్ల మధ్య సీసా నిలబడి ఉంది. లోపల నీళ్లు ఉన్నాయి. తేటగా లేవు. కొంచెం మట్టి రంగులో ఉన్నాయి, అడుగున ఒక చిన్న ఆకు ఉంది. తాను టీచర్‌కు చెప్పిన తేట నీళ్లు గుర్తొచ్చి హర్షిణికి సిగ్గేసింది.

వంగి చూసింది. ఎనిమిది.

అరవబోయి ఆగింది. సరిగ్గా చూసిందా? ఇంకొంచెం వంగింది. ఏడులా కనిపించింది. తడి మిద్దె మీద మోకాళ్లు ఆనించి, అరచేతులు నేలకు పెట్టి, కళ్లు నీటి అంచుకు సమంగా వచ్చేదాకా తల దించింది. ఆరు. అక్కడి నుంచి ఎన్నిసార్లు చూసినా ఆరే.

స్కేలు మీద తాను రాసిన అంకెలే అవి. ఆ అంకెల పక్కన నీళ్లను చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

"ఎంత?" కింద నుంచి భూపేష్ అరిచాడు.

"ఆరు! నిలబడి చూస్తే ఎనిమిది మాదిరి కనపడతాది. కళ్లు సమంగా పెడితే ఆరు!"

ఆమె పిట్టగోడ మీంచి కిందికి వంగింది.

"భూపేషూ, నువ్వు ఎట్ల చూస్తాంటివి?"

"నిలబడే," అన్నాడు వాడు. గొంతు చిన్నదైంది. "అయితే ముందు తుంపర్లవి కూడా తప్పేనా?"

 కృపామణి టీచర్ పైకి చూస్తూ ఉంది. ఆమె మొహం మీద వాన చుక్కలు ఇంకా ఉన్నాయి.

హర్షిణి దిగి వచ్చేసరికి ఆమె చుడీదార్ మోకాళ్ల దగ్గర బురదగా ఉంది. నేరుగా సైన్సు గదిలోకి పోయి, పెన్ను తీసి భూపేష్ చేతికిచ్చింది.

"నేనా? పటం పాడైపోతాది," అన్నాడు వాడు.

"నేను చెప్తా, నువ్వు రాయి. నీ వారంలో నేను చూస్తా, కళ్లు యాడ పెడతావో."

భూపేష్ నాలుక బయటపెట్టి, శుక్రవారం గడిలో ఆరు వేశాడు. అది గడి దాటి, లక్ష్మీప్రియ వేసిన పువ్వు మీదికి పోయింది.

"నా పువ్వు!" అంది లక్ష్మీప్రియ.

"వచ్చే వారం నీదే కదా. నువ్వే మిద్దెక్కి కొలిచి, నువ్వే చక్కగా రాసుకో," అన్నాడు వసంతకుమార్.

లక్ష్మీప్రియ నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి కిటికీలోంచి నిచ్చెన వైపు చూసింది.

సాయంత్రం బడి వదిలాక హర్షిణి, లక్ష్మీప్రియ నిచ్చెన దగ్గరికి పోయారు. లక్ష్మీప్రియ ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టింది. కాసేపు అట్లాగే నిలబడి తీసేసింది.

"సోమవారం," అంది.

"సోమవారం నేను కింద ఉంటా. టీచర్ కూడా ఉంటాది," అంది హర్షిణి.

తెల్లవారితే కర్నూలు పోవాలి. ఆ ఒక్క రోజుకు బదులు ఇప్పటిదాకా కొలిచిన రోజులన్నీ వేసిన చార్టు చుట్టి బల్ల మీద పెట్టి ఉంది. తుంపర్ల రోజుల అంకెల పక్కన నలుగురూ పెన్సిల్‌తో ప్రశ్న గుర్తులు పెట్టారు. వాటిని ఎట్లా సరిచేయాలో ఇంకా తేల్చుకోలేదు. పెద్ద వాన పడిన ఆ గురువారం గడి ఖాళీగానే ఉంది. లక్ష్మీప్రియ ఇంకా నిచ్చెన ఎక్కలేదు.